కార్తీక సోమవారం శాంపిళ్ళు

2014 శీతాకాలంలో, అంటే ఇండియాలో వానలు కురిసే రోజుల్లో, న్యూజీలాండ్‌లో ఒక సముద్రతీర పట్టణపు కౌన్సిల్‌లో నీటి నాణ్యత అధికారిగా చేరాను. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే, కాకపోతే కుర్చీలు మెత్తగా ఉంటాయి. ఆ ఊరి పేరు చెప్పను. సముద్రం కనబడుతుందని ముచ్చటపడి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. అంతకుముందు ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో కాపురం ఉంటూ ఒక ప్రైవేటు ల్యాబులో చాలా ఏళ్ళు నీళ్ళ సీసాలు పరీక్షించాను. ల్యాబులో ఉన్నంతకాలం సీసాలు ఎక్కడినుంచి వస్తాయో చూడలేదు. ఒకసారి చూద్దామనే ఈ ఉద్యోగంలో చేరాను, చూశాను కూడా.

మా ఆఫీసులో మెట్ల వరస ఇలా ఉండేది. అందరికంటే కింద అధికారి, అంటే నేను. నా పైన టీమ్ మేనేజరు గ్రెగ్. ఆయన పైన గ్రూప్ మేనేజరు, ఆ పైన సీఈఓ, అందరి పైనా ఓట్లేయించుకుని వచ్చిన కౌన్సిలర్లు. నా కింద ఒక ఐస్ పెట్టె ఉండేది. గ్రెగ్ చెడ్డవాడేం కాదు. పొద్దున్నే నవ్వుతూ పలకరించేవాడు, టీ తాగుతావా అని అడిగి తనే కలిపి తెచ్చేవాడు. సమస్య అనే మాట మాత్రం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అంశం అనేవాడు, అవకాశం అనేవాడు, మరీ ముంచుకొస్తే ధోరణి అనేవాడు.

జనం ఈతకు, స్నానానికి దిగే నీళ్ళు పరీక్షించే పద్ధతి చెబుతాను. శుద్ధిచేసిన సీసా పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగాలి. మన కాళ్ళు కదిపిన బురద సీసాలోకి రాకుండా ప్రవాహానికి ఎదురుగా నిలబడాలి. సీసా నీళ్ళలో ముంచాకే మూత తీయాలి, నింపి అక్కడే మూత పెట్టి ఐస్ పెట్టెలో ఉంచి ల్యాబుకి పంపాలి. ల్యాబువాళ్ళు ఒక రాత్రంతా దాన్ని వెచ్చగా ఉంచి, మర్నాడు ఎన్ని సూక్ష్మక్రిములు పెరిగాయో లెక్కపెడతారు. మనుషుల, జంతువుల పేగుల్లో బతికే క్రిములు అందులో ఎక్కువగా కనబడితే ఆ నీళ్ళలో మురుగు కలిసినట్టు. అంటే ఇవాళ మునిగిన నీళ్ళ సంగతి రేపు తెలుస్తుంది. ఎక్కువ వస్తే మళ్ళీ ఒకసారి తీసి చూసి, అప్పుడూ ఎక్కువే వస్తే హెచ్చరిక బోర్డు పెడతారు. బోర్డు పెట్టేసరికి మునిగినవాళ్ళు ఇంటికెళ్ళి మంచం ఎక్కి ఉంటారు. తాను మునిగిందే గంగ అన్నది ఇక్కడ సామెత కాదు, అధికారిక విధానం.

పైగా పరీక్షలకు ఒక సీజన్ ఉంది. నవంబరులో మొదలై మార్చితో ముగుస్తుంది, అంటే ఇక్కడి ఎండాకాలం. మిగతా నెలల్లో క్రిములు సెలవులో ఉంటాయని మా నమ్మకం. ఆ సీజన్‌లోనైనా జాబితాలో ఉన్న చోట్లే పరీక్షిస్తాం. మా జాబితాలో లైఫ్‌గార్డులు జెండాలు పాతే బీచ్ ఉంది, పడవల రేవు ఉంది, ఇంకో రెండు మూడు అందమైన చోట్లు ఉన్నాయి. వాగు సముద్రంలో కలిసేచోట ఏర్పడిన మడుగు మాత్రం లేదు. చంటిపిల్లల తల్లులందరూ వాళ్ళను దింపేది ఆ మడుగులోనే. అలలుండవు, లోతుండదు, ఎండకి నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ఎందుకు లేదని చేరిన వారంలోనే అడిగాను. అక్కడ ఎవరూ స్నానం చేయరు, స్నానం మంచిది కాదని బోర్డు ఉంది కదా అన్నాడు గ్రెగ్. బోర్డు ఎందుకు పెట్టారని అడిగితే, అక్కడ పరీక్షలు చేయం కాబట్టి ముందు జాగ్రత్త కోసం పెట్టామన్నాడు. ఇంకొక్క ప్రశ్న వేస్తే మొదటికే వస్తామని అర్థమై ఊరుకున్నాను.

వాగు పక్కన మరై ఉంది. మరై అంటే మావోరీల సామూహిక స్థలం, వాళ్ళ పెద్దలు అక్కడే కలుస్తారు. ఆ మడుగు నోటి దగ్గర వాళ్ళు తరతరాలుగా ఆల్చిప్పలు ఏరుకుని వండుకు తినేవాళ్ళు. రెండేళ్ళుగా మానేశారు. ఆ సంగతి మా ఆఫీసు రికార్డుల్లో ఉంది. కాకపోతే సాంస్కృతిక విషయాలు అనే శీర్షిక కింద ఉంది, నీటి నాణ్యత కింద కాదు.

మడుగుకి ఎదురుగా రోడ్డు దాటితే ఒక డెయిరీ. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, మూలమీది చిల్లర కొట్టు. పాలు, బ్రెడ్డు, ఐస్‌క్రీము, గాలానికి కట్టే ఎర, అన్నీ అమ్ముతారు. దాన్ని నడిపేది జనగామ నుంచి వచ్చిన స్వరూప, ఆమె భర్త రాజేందర్. రాజేందర్ ఆక్లాండ్‌లో చదువుకోవడానికి వచ్చి, అక్కడే పాపకూర అనే పేటలో టాక్సీ నడిపి, చివరికి ఈ కొట్టు తీసుకుని సెటిల్ అయ్యాడు. వాళ్ళ పాప హాసినికి ఆరేళ్ళు. బడి వదలగానే బ్యాగు కౌంటరు వెనక పడేసి మడుగులో దిగేది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

మొదటిసారి పాల కోసం ఆ కొట్టుకెళ్ళినప్పుడు, నేనేం పని చేస్తానో తెలిసి స్వరూప కౌంటరు మీద చేతులు ఆనించి అడిగింది. "అక్కా, నువ్వు హెల్తోళ్ళ మనిషివా? మా ఇంటికి మళ్ళ చెకింగుకి వస్తున్రా?"

ఎందుకు వస్తారని అడిగాను. అప్పుడు చెప్పింది. అంతకుముందు రెండు వేసవుల్లోనూ హాసినికి వాంతులు, విరేచనాలు. జనవరిలో మరీ ఎక్కువై ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇలాంటి కడుపు జబ్బు ల్యాబు పరీక్షలో బయటపడితే ఆరోగ్య శాఖకు తెలియజేయాలని ఇక్కడ చట్టం. శాఖ తరఫున ఒక నర్సు ఇంటికి వచ్చి, ఎక్కడినుంచి అంటుకుందో తేల్చడానికి ప్రశ్నలడుగుతుంది. వచ్చిన నర్సు నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

"ఫ్రిజ్ తెర్సి చూసింది అక్కా. కోడికూర ఎట్ల కడుగుతవని అడిగింది. చేత్తో తింటరా అని అడిగింది. పోపుల డబ్బ మూత తీసి వాసన చూసింది. మడుగుల ఆడుతదని నేనే చెప్పబోతే, అదంత తర్వాత అన్నది." స్వరూప గొంతులో కోపం లేదు, అదే నాకు బాధనిపించింది. "ఆఖరికి ఇంట్ల తిండితోనే వచ్చిందని రాసిపోయింది. అప్పటిసంది నా చేతివంట పిల్లకు పెడ్తలేను. బ్రెడ్డు, నూడుల్సు, డబ్బాల బీన్సు, గంతే. ఎండాకాలం వస్తున్నదంటే నాకు గుండె దడదడ అంటది."

పిల్ల జబ్బు పడింది రెండుసార్లూ వేసవిలోనే. పప్పు, కోడికూర ఏడాది పొడుగునా వండుతున్నారు. ఈ చిన్న తేడా ఎవరి కంటా పడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది కానీ, చేతిలో ఆధారం లేని అధికారి కోపానికి ఆఫీసులో విలువ లేదు.

సెప్టెంబరులో స్వరూప మా ఆఫీసుకి ఒక దరఖాస్తు పంపింది. చుట్టుపక్కల కివీపళ్ళ తోటల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు డజనుకి పైనే ఉన్నాయి. వాళ్ళంతా ఏటా బతుకమ్మకి ఆక్లాండ్ దాకా డ్రైవ్ చేసుకుని వెళ్ళేవాళ్ళు. ఈసారి ఇక్కడే, మడుగు దగ్గర ఆడుకుంటామని, సద్దుల బతుకమ్మ నాడు పూలను నీళ్ళలో వదులుతామని అనుమతి అడిగింది. సముద్రంలో వదిలితే అల వెనక్కి తోస్తుంది, అందుకే మడుగు.

ఊరిపెద్దల సంఘం ఒకటి ఉండేది, దానికి ఈ వార్త అందింది. సున్నితమైన జలవనరులో అంత పరిమాణంలో పూలు, పసుపు కలపడం పర్యావరణానికి ఎంతవరకు క్షేమమని వాళ్ళు ఆందోళన వ్యక్తం చేశారు. పూలు. మా కౌన్సిల్ కూడా ఆందోళన చెందింది. రెండేళ్ళుగా ఒక పిల్ల జబ్బుపడి సెలైన్ దాకా వెళితే కదలని యంత్రాంగం బంతిపూల పేరు వినగానే కదిలింది. కార్యక్రమానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీళ్ళు పరీక్షించి, పూల వల్ల జరిగిన కాలుష్యాన్ని లెక్కగట్టాలని షరతు పెట్టి అనుమతి ఇచ్చారు. ఆ పని నాకు అప్పగిస్తూ, నీకు ఆ సంస్కృతి తెలుసు కదా అన్నాడు గ్రెగ్. నాది కాకినాడ. బతుకమ్మ పేర్చడం నేను టీవీలో చూసిందే. రాష్ట్రం విడిపోయిన ఏడాదిలో ఈ తేడా గ్రెగ్‌కి వివరించే ఓపిక లేక సరేనన్నాను.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఆటు సమయం. సముద్రం బాగా వెనక్కి తగ్గింది, వాగు సన్నగా పారుతోంది. వారం రోజులుగా చినుకు లేదు. వాన లేదని ఎందుకు చెబుతున్నానంటే, వాన పడితే రోడ్ల మీది చెత్తంతా కొట్టుకొచ్చిందనే సాకు సిద్ధంగా ఉంటుంది. ఆ సాకు ఆరోజు లేదు. మోకాలి లోతులో దిగి సీసా నింపాను. చిన్న వాసన తగిలింది. వాసనకి మా పద్ధతిలో గడి లేదు, కాబట్టి రాయలేదు.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు. తంగేడు, గునుగు ఇక్కడెక్కడ దొరుకుతాయి. ఆ రుతువులో కోఫై చెట్లు విరగబూస్తాయి, పసుపుపచ్చగా గుత్తులు గుత్తులుగా. తంగేడు బదులు కోఫై, గునుగు బదులు వాగు పక్కన పెరిగే తెల్లటి కలువ లాంటి పూలు పేర్చారు. మరై నుంచి ఒక పెద్దావిడ, ఊరంతా ఆంటీ హినే అని పిలిచే మనిషి, కుర్చీ తెచ్చుకుని కూర్చుని చివరిదాకా చూసింది. పాటలు, చప్పట్లు అయ్యాక బతుకమ్మలను నీళ్ళలో వదిలారు. అప్పటికి పోటు వచ్చి మడుగు నిండుగా ఉంది. ఆచారం ప్రకారం ఆ తర్వాత సద్దులు తినాలి, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర. నీళ్ళలో పెట్టిన చేత్తోనే తింటారు. నేను ఆఫీసు వ్యాన్‌లోంచి చేతులకు రాసుకునే మందు సీసాలు తెచ్చి, తీర్థమిచ్చే పూజారిలా వరసగా నిలబెట్టి అందరి చేతుల్లో పోశాను. స్వరూప మాత్రం సద్దులు వండలేదు. కొట్టులోని పెరుగు డబ్బాలు పట్టుకొచ్చింది.

రెండో సీసా నింపుకుని ఇంటికి పోయాను. మర్నాడు ల్యాబు నుంచి ఫోన్. పొద్దుటి సీసాలో క్రిములు లెక్కపెట్టడానికి మామూలు పద్ధతి చాలలేదు, నీళ్ళు పలచన చేసి మళ్ళీ చూడాల్సి వచ్చిందన్నారు. స్నానానికి పనికిరాదన్న హద్దు దాటడం కాదు, ఆ హద్దు వెనక్కి తిరిగి చూస్తే కనబడనంత దూరం. సాయంత్రపు సీసాలో చాలా తక్కువ. కారణం సముద్రం. పోటుతో వచ్చిన ఉప్పునీళ్ళు మురుగును పలచన చేశాయి. కానీ కాగితం మీద చూస్తే, పొద్దున కంపు కొడుతున్న మడుగును సాయంత్రం బతుకమ్మ శుభ్రం చేసింది. మా కౌన్సిల్ పరిధిలో పక్కాగా పనిచేస్తున్న మురుగు శుద్ధి కేంద్రం అదొక్కటే అయింది.

గ్రెగ్ రిపోర్టు చూసి సంతోషించాడు. పూల వల్ల హాని లేదని తేలింది, ఫైలు మూసేద్దామన్నాడు. పొద్దుటి సీసా సంగతేమిటని అడిగాను. ఇది సీజన్ కాదన్నాడు. అది జాబితాలో లేని చోటన్నాడు. ఒక్క శాంపిల్‌తో ధోరణి తెలియదన్నాడు. ఆఖరుగా బాతులన్నాడు. ఈ దేశంలో ఏ నీళ్ళలో ఏది తేలినా మొదట నేరం మోసేవి బాతులే. నలభై యాభై బాతులు ఆ మడుగులో నిజంగానే ఉన్నాయి, పాపం వాటికి లాయరు లేడు. ఎవరైనా జబ్బు పడ్డారా అని కూడా అడిగాడు. చేతులకు మందు పోశాను కాబట్టి పడలేదన్నాను. అయితే ఇబ్బంది లేనట్టే కదా అన్నాడు.

సరే, ఇంకోసారి శాంపిల్ తీస్తానన్నాను. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ల్యాబుకి సీసా పంపాలంటే స్థలం కోడ్ కావాలి. జాబితాలో లేని చోటికి కోడ్ ఉండదు. కోడ్ లేని సీసాని ల్యాబు కంప్యూటరు తీసుకోదు. మరి బతుకమ్మ సీసాలు ఎలా వెళ్ళాయంటే, వాటికి కార్యక్రమం కోడ్ ఇచ్చారు. కార్యక్రమం అయిపోయింది, కోడ్ చచ్చిపోయింది. ఆ మడుగు నీళ్ళు పరీక్షించాలంటే అక్కడ ఎవరో ఒకరు పండగ చేసుకోవాలి.

దరఖాస్తుదారుకి ఫలితాల నకలు పంపాలని అనుమతి షరతుల్లోనే ఉంది. పంపాను. ఆ సాయంత్రం పాల కోసం కొట్టుకి వెళ్ళేసరికి స్వరూప ఆ కాగితాలు కౌంటరు మీద పరిచి కూర్చుంది.

"ఇందుల పొద్దుగాలది చూస్తే నాకే అర్థమైతున్నది అక్కా. గీ నీళ్ళల్లనే కదా నా పిల్ల రోజంత ఉండేది? గిది చూపిస్తే నర్సు రాసింది మారుస్తరా?"

ఒక్క సీసాతో మార్చరని నిజం చెప్పాను. పిల్లను నీళ్ళలోకి పంపొద్దని కూడా చెప్పాను. తన పిల్లని ఆపగలనని, డిసెంబరులో వచ్చే వందమంది పిల్లల్ని ఎవరు ఆపుతారని ఆమె అడిగింది. అక్కడ మా ఉద్యోగ నియమం ఒకటి అడ్డొస్తుంది. దరఖాస్తులు పరిశీలించే అధికారి, దరఖాస్తుదారులకు సలహా ఇవ్వకూడదు. నేను నియమం తప్పే మనిషిని కాను. అందుకని సలహా ఇవ్వకుండా ఊరి ముచ్చట చెప్పాను. మా కాకినాడలో కార్తీకమాసంలో ప్రతి సోమవారం నీళ్ళలో దీపాలు వదులుతామని, నెలంతా సందడేనని చెప్పి, పాలు తీసుకుని వచ్చేశాను.

మూడోరోజు మా ఆఫీసుకి దరఖాస్తులు వచ్చాయి. కార్తీకమాసంలో ఎన్ని సోమవారాలున్నాయో అన్ని. ఒక్కొక్కటీ ఒక్కో కార్యక్రమం, మడుగులో దీపాలు వదలడానికి. పూలకు పెట్టిన షరతు నిప్పుకి పెట్టకపోతే ఊరిపెద్దల సంఘం ఊరుకోదు కదా. ప్రతి దానికీ ముందొక సీసా, తర్వాతొక సీసా అని గ్రెగ్ స్వయంగా సంతకం చేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

దీపాలకు అరటి దొప్పలు దొరకలేదు. ఆంటీ హినే వాగు ఒడ్డున పెరిగే ఫ్లాక్స్ అనే నారమొక్క ఆకులతో దొప్పలు అల్లడం నేర్పింది. వాటిలో పిండి దీపాలు పెట్టారు. అటు తెలంగాణవాళ్ళు, ఇటు ఆంధ్రావాళ్ళు, మధ్యలో మావోరీ పెద్దావిడ, ఒడ్డున నేను ఐస్ పెట్టెతో. ఎవరూ నవ్వకుండా పూజ చేసుకున్నారు. సీసాలు నింపడం కూడా దీపం వదిలినంత శ్రద్ధగా చేశాను.

మొదటి సోమవారం లేబర్ డే. ఇక్కడ అది ప్రభుత్వ సెలవు, వారాంతంతో కలిసి మూడు రోజుల విడుపు. ఆక్లాండ్ నుంచి జనం డేరాలు, వ్యాన్లు వేసుకుని దిగిపోయారు. ఆ సోమవారం పొద్దుటి సీసా ఫలితం బతుకమ్మ నాటిదాన్ని మించిపోయింది. తర్వాతి సోమవారం జనం లేరు, బాగా తగ్గింది. కానీ హద్దుకి పైనే. బాతులు మాత్రం అన్ని వారాలూ అన్నే ఉన్నాయి. లేబర్ డేకి బాతులకు చుట్టాలు రారని నేను రిపోర్టులో రాయలేదు, కాస్త మర్యాదగా రాశాను.

ముందు, తర్వాత లెక్కలు గ్రెగ్‌ని మరీ తికమకపెట్టాయి. ఒక సోమవారం దీపాలు నీళ్ళను శుద్ధి చేశాయి, మరుసటి సోమవారం పాడుచేశాయి. పొద్దున ఆటు, సాయంత్రం పోటు ఉన్న రోజున దీపం మంచిది, అది తిరగబడిన రోజున చెడ్డది. దీనికి మతపరమైన కారణమేమైనా ఉందా అని ఆయన నిజంగానే అడిగాడు. ఆటుపోట్ల పట్టిక ఇచ్చాను. డెయిరీలో ఎర కొన్నవాళ్ళకు ఉచితంగా ఇస్తారది.

ఈలోగా నవంబరు వచ్చింది, సీజన్ మొదలైంది. ఒక్క శాంపిల్ కాస్తా వరస అయింది. హద్దు పదేపదే దాటితే మూలం వెతకాలని మా నిబంధనల్లోనే ఉంది, ఆ నిబంధన ఎవరో మంచి మూడ్‌లో ఉన్నప్పుడు రాసుంటారు. ల్యాబులో ఇంకో పరీక్ష చేయించాం. క్రిములు ఎవరి పేగులవో చెప్పే పరీక్ష అది. మనుషులవని వచ్చింది. బాతులు నిర్దోషులుగా విడుదలయ్యాయి.

మూలం వెతకడం డ్రైనేజీ విభాగం పని. స్టువర్ట్ అనే ఇంజనీరు వచ్చాడు. పద్ధతి సులువే. ఇక్కడ మురుగుకి ఒక గొట్టం, వాన నీళ్ళకి వేరే గొట్టం. మురుగు శుద్ధి కేంద్రానికి పోతుంది, వాన నీళ్ళు తిన్నగా వాగులోకి పోతాయి. ఎవరి మరుగుదొడ్డయినా పొరపాటున వాన గొట్టానికి కలిపితే అంతా వాగుపాలు. అందుకని అనుమానం ఉన్న మరుగుదొడ్డిలో ఆకుపచ్చ రంగు పోసి నీళ్ళు వదిలి, అది వాగులో తేలుతుందేమో చూస్తారు. మొదటి అనుమానం ఎవరి మీదనుకున్నారు? డెయిరీ మీద. స్టువర్ట్ రంగు డబ్బా పట్టుకుని లోపలికి వెళుతుంటే స్వరూప మొహంలో రక్తం లేదు.

"మళ్ళ మా ఇంట్లకెళ్ళే వచ్చిందంటరా అక్కా?" అని నన్నడిగింది. చూసొస్తానన్నాను. వాగు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. రంగు రాలేదు. వెనక్కి వచ్చి రాలేదని చెప్పేదాకా ఆమె కౌంటరు వదల్లేదు.

తర్వాత వరసగా వీధిలో ఇళ్ళు, డేరాలు వేసుకునే హాలిడే పార్కు, బోట్ క్లబ్బు. ఎక్కడా రాలేదు. మిగిలింది మడుగు ఒడ్డున ఉన్న పబ్లిక్ టాయిలెట్లు. అది కాదులే, అది మనం కట్టిందే కదా అన్నాడు గ్రెగ్. రెండేళ్ళ క్రితం మేయరు రిబ్బను కత్తిరించి ప్రారంభించిన భవనం అది. చెక్క పలకలు, గోడ మీద చేపల బొమ్మలు, తలుపు పక్కన మన తీరాన్ని శుభ్రంగా ఉంచుదాం అని ఇత్తడి ఫలకం. మిగతావి అయ్యాయి కాబట్టి ఇదీ చేసేద్దామన్నాను, రికార్డు పూర్తిగా ఉంటుందన్నాను. పూర్తి అనే మాట గ్రెగ్‌కి నచ్చింది.

స్టువర్ట్ రంగు పోసి చెయిను లాగాడు. మడుగు మీది నడక వంతెన దగ్గర నేనూ గ్రెగ్ నిలబడ్డాం. కాసేపటికి వంతెన కింద వాన గొట్టం నోట్లోంచి ఆకుపచ్చ నీళ్ళు వచ్చాయి. మొదట దారంలా, తర్వాత ధారగా. చూస్తుండగానే మడుగంతా పచ్చబడింది, బాతుల పొట్టలు పచ్చబడ్డాయి. వంతెన మీద జనం చేరారు. స్వరూప కొట్టుకి తాళం వేయకుండానే రోడ్డు దాటి వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడింది. గ్రెగ్ చేరిన జనాన్ని ఒకసారి చూశాడు. తర్వాత ఇది ఒక అవకాశం అన్నాడు.

కంచే చేను మేసిందన్నమాట. భవనం కట్టినవాళ్ళు పక్కపక్కనే ఉన్న రెండు గొట్టాల్లో దేనికి కలపకూడదో దానికి కలిపారు. తనిఖీ చేసినవాళ్ళు గొట్టం చూడలేదు, గీసిన ప్లాను చూశారు. ప్లానులో అంతా సరిగ్గానే ఉంది. టాయిలెట్లు మూశారు, క్రిస్మస్ సెలవులకు ముందే గొట్టం మార్చారు. మడుగుకి స్థలం కోడ్ వచ్చింది. కౌన్సిల్ పత్రికా ప్రకటన కూడా ఇచ్చింది, తమ చురుకైన పర్యవేక్షణ కార్యక్రమం ఒక ధోరణిని సకాలంలో గుర్తించిందని. బతుకమ్మ, దీపాలు, స్వరూప అందులో లేవు. బాతులకు క్షమాపణ కూడా లేదు.

ఆ వేసవిలో హాసిని మడుగులోనే ఉంది. జబ్బు పడలేదు. జనవరి చివర్లో స్వరూప నన్ను భోజనానికి పిలిచింది. కోడికూర వండింది. స్వరూప పిల్ల పక్కన కూర్చుని కలిపి, మొదటి ముద్ద తను తిని చూసి, తర్వాత పిల్లకు పెట్టింది. హాసిని రెండోసారి అడిగి పెట్టించుకుంది. స్వరూప వంటింట్లోకి వెళ్ళి కాసేపు బయటికి రాలేదు.

నర్సు రాసిన దాని గురించి ఆరోగ్య శాఖకు నేను మూడు నాలుగుసార్లు రాశాను. టాయిలెట్ల రిపోర్టు, సోమవారాల ఫలితాలు జతచేశాను. మర్యాదగానే జవాబిచ్చారు. ఆ కేసు మూసివేయబడింది, మూసిన కేసులో మూలాన్ని మార్చే పద్ధతి లేదన్నారు. నేను రిటైరయ్యే నాటికి కూడా హాసిని జబ్బుకి కారణం ఇంటి వంట అనే ఉంది. ఆ ఇంట్లో తిన్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఆ తర్వాత పనిచేసిన ఏళ్ళలో కొత్తగా చేరిన అధికారులకు శాంపిల్ తీయడం నేనే నేర్పేదాన్ని. సీసా ఎలా ముంచాలో, ఆటుపోట్లు ఎందుకు చూసుకోవాలో చెప్పేదాన్ని. ఇంకొకటి కూడా చెప్పేదాన్ని. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో వేసవిలో ఒక పిల్ల జబ్బు పడితే, ముందు నీళ్ళు చూడండి, తర్వాత తల్లి వంటిల్లు చూడండి. వంటిల్లు దగ్గరగా ఉంటుంది, తలుపు తడితే తీస్తారు, ఎదురు మాట్లాడరు. అందుకే అందరూ ముందు అక్కడికే వెళతారు.